నిక్షేప ధర్మం: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి సంస్మరణ

  



మన శివాలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠ, మహాకుంభాభిషేకాల సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసినదిగా కమిటీ పెద్దలు నన్ను ఆదేశించినారు. స్థలపురాణాన్ని గురించి, శిల్పశాస్త్రాన్ని గురించి నాకన్న విజ్ఞులు ఈ సంచికలోనే వ్రాసినారు. నేను ఒక బ్యాంకు స్థాపకుని గురించి వ్రాస్తానని మనవి చేయగా కొందరు ఆశ్చర్యపడినారు. ఆలయ సంచికలో బ్యాంకు ప్రస్తావన ఏమిటని మీకు కూడా తోచవచ్చు. ముందుగా దానికి సమాధానం చెప్పుకొని, తరువాత ఆ మహనీయుని చరిత్రలోనికి ప్రవేశిస్తాను.

జీర్ణోద్ధరణ పనులు ఆరంభించే ముందు బాలాలయం కట్టినాము. మూలమూర్తి యందలి దివ్యకళను మంత్రపూర్వకంగా కలశంలోనికి ఆకర్షించి, ఆ కలశాన్ని బాలాలయంలో నిలిపి, నిత్యపూజలు అక్కడనే జరుపుతున్నాము. దీనికి కళాకర్షణమని పేరు. ప్రతిష్ఠాదినాన ఆ కళను ఏమాత్రం లోపం లేకుండా తిరిగి మూలమూర్తికి అప్పగించవలసి ఉంటుంది. ఇన్ని నెలలుగా ఆ కలశం నా చేతిలో ఉన్నది గాని అందులో నాది ఏమీ లేదు. అది నాకు అప్పగించబడిన నిక్షేపం.

నిక్షేపమంటే నమ్మి దాచుకొన్న సొత్తు. మనుస్మృతి అష్టమాధ్యాయం వ్యవహారపదాలను పదునెనిమిదిగా లెక్కించి, అందులో ఋణాదానాన్ని మొదటిదిగా, నిక్షేపాన్ని రెండవదిగా చెప్పినది. అప్పు, దాపు అనే ఈ రెండింటి మీదనే లోకయాత్ర నడుస్తుందని ఋషులకు తెలుసు. బ్యాంకు అనే మాట మనకు క్రొత్త కావచ్చును గాని ఆ ధర్మం క్రొత్తది కాదు. మన ప్రాంతపు ప్రాచీనాలయాల శాసనాలు చూడండి. అఖండదీపానికి ఒక దాత గొర్రెల మందనో, గోవులనో సమర్పించేవాడు. వాటిని బోయలు స్వీకరించి, మందను పెంచుకొంటూ, దినానికి మానెడు నెయ్యి చొప్పున దేవునికి పోసేవారు. మూలధనం తరగరాదు, దాని ఫలంతో దీపం ఆరరాదు. శాశ్వతనిధి అని నేడు మనం పిలిచేది దీనినే.

ఆరిన దీపం

ఈ ధర్మం తప్పితే ఏమవుతుందో నేను బాల్యంలోనే చూచినాను. అప్పటికి నాకు పదేళ్ళు ఉండవచ్చు. మన స్వామివారి నందాదీపం కోసం పూర్వం ఒక భక్తురాలు ఇచ్చిన సొమ్ము ఊరిలోని ఒక పెద్దమనిషి వద్ద ఉండేది. ఆయన దానిని వడ్డీకి తిప్పి, ఏడాదికొకసారి నూనె ఖర్చు ఇచ్చేవారు. వ్రాతకోతలు లేవు, అడిగేవారూ లేరు. ఒక సంవత్సరం ప్రత్తి పోయింది. అప్పు తీసుకొన్నవారు ఇవ్వలేదు, ఆయన వద్దా లేదు. ఆయన చెడ్డవారని నేను అనను. ఆయన కూడా మునిగినారు. కాని ఆ కార్తికమాసంలో గర్భాలయంలో నందాదీపం ఆరిపోయింది. మా తండ్రిగారు ఇంటి నెయ్యి తెచ్చి నెల దినాలు నెట్టుకొని వచ్చినారు.

తరువాత పెద్దలు కూర్చుండి, ఆ సొమ్మును కొంచెం కొంచెంగా రాబట్టి, దేవుని పేరిట బ్యాంకులో వేసినారు. మా తండ్రిగారు ఆ డిపాజిట్టు రసీదును స్వామి పాదాల వద్ద ఉంచి, నాకు చూపించి, "నాయనా, ఇది కూడా ఒక శాసనమే. ఆ కాలంలో రాతిమీద వ్రాసినారు, ఈ కాలంలో కాగితం మీద వ్రాసినారు" అన్నారు. ఆ కాగితం మీద ఉన్న పేరు ఆంధ్రా బ్యాంకు. ఆ పేరు వెనుక ఉన్న మనిషిని గురించి చదువుకోవడానికి నాకు తరువాత చాలా సంవత్సరాలు పట్టినది. చదువుకొన్నంత మేరకు మీకు నివేదిస్తున్నాను.

జననం, విద్యాభ్యాసం

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24వ తేదీన, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో ఒక సామాన్య నియోగి కుటుంబంలో జన్మించినారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయినారు. తల్లి గంగమ్మగారు బిడ్డల చదువుకోసం ఏలూరికి మకాం మార్చి, అష్టకష్టాలు పడి పెంచినారు. బందరు నోబుల్ కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి వంటి గురువు లభించినారు. అనంతరం చెన్నపట్టణంలో క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, వైద్యవిద్య పూర్తిచేసి, 1906లో బందరులో వైద్యవృత్తి ప్రారంభించినారు. చేతినిండా రోగులు, మంచి ఆదాయం. పేదరికం చూచిన ఇంటికి అది చిన్న భాగ్యం కాదు.

అటువంటి వృత్తిని ఆయన దేశసేవ కోసం విడిచిపెట్టినారు. అంతకుముందే, 1910లో, కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. మన బాపట్లలో 1913లో బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగి ఆంధ్రోద్యమానికి అంకురార్పణ చేయగా, ఆ ఉద్యమాన్ని లెక్కలతో, వాదనలతో పోషించినవారిలో పట్టాభిగారు ముఖ్యులు. 1919లో "జన్మభూమి" అనే ఆంగ్ల వారపత్రికను నడిపినారు.

ఆయుధం లేని యుద్ధం

పట్టాభిగారిని సమరయోధుడని పిలుస్తున్నాము. ఆ సమరం ఎటువంటిదో ఈ గడ్డమీద పుట్టినవారికి వేరుగా చెప్పనవసరం లేదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో ఇళ్ళు విడిచి, ఊరిబయట పాకలలో నెలల తరబడి ఉన్నారు. 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారు ముందుండగా రైతులు భూమిశిస్తు కట్టమని నిలిచినారు. జప్తులు జరిగినా శాంతి తప్పలేదు. కత్తి పట్టినవారికి ఎంత ధైర్యం కావలెనో, కత్తి పట్టకుండా నిలిచినవారికి అంతకంటె ఎక్కువ ధైర్యం కావలెను.

పట్టాభిగారు ఆ సేనలో జీవితమంతా ఉన్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహవేళ వాలంటీర్లను వెంటబెట్టుకొని బందరు సముద్రతీరానికి నడిచి, ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి, కారాగారానికి వెళ్ళినారు. 1932లో నిషేధాజ్ఞలను ధిక్కరించి, 1933లో విదేశీవస్త్రాల దుకాణం వద్ద పికెటింగు చేసి, మళ్ళీ వెళ్ళినారు. 1942 ఆగస్టులో "క్విట్ ఇండియా" తీర్మానం జరిగిన వెంటనే, కాంగ్రెసు కార్యవర్గ సభ్యులుగా అరెస్టయి, నెహ్రూ, పటేల్, ఆజాద్ ప్రభృతులతో కలిసి అహమ్మదునగరు కోటలో దాదాపు మూడు సంవత్సరాలు బందీగా ఉన్నారు. అప్పటికి ఆయనకు అరవై దాటినవి. ఆ వయస్సులో ఇంటి భోజనం, తనవారి ముఖం లేకుండా మూడేళ్ళు గడపడమంటే ఏమిటో, ఇప్పుడు ఆ వయస్సులో ఉన్న నాకు కొంత తెలియవస్తున్నది. ఆయన ఆ కాలాన్ని వృథా చేయలేదు. దినచర్య వ్రాసుకొన్నారు. అది 1946లో "ఫెదర్స్ అండ్ స్టోన్స్" పేరిట గ్రంథమై వెలువడినది.

నాలుగు అవసరాలకు నాలుగు సంస్థలు

ఇక వారి రెండవ రూపాన్ని చూద్దాం. రాజ్యాన్ని తెల్లవాని చేతినుండి తీసుకోవడమే స్వాతంత్ర్యమని చాలామంది అనుకొంటున్న దినాలలో, అప్పులవాని చేతినుండి రైతును విడిపించడం కూడా స్వాతంత్ర్యమేనని పట్టాభిగారు గ్రహించినారు.

మన రేగడి భూముల సంగతి మీకు తెలియనిది కాదు. నాగార్జునసాగరం నీరు రాకముందు ఈ మెట్టసీమ అంతా ఆకాశంవైపు చూచేదే. ప్రత్తికైనా మిరపకైనా పెట్టుబడి ముందు, రాబడి వెనుక. నాటిననాటినుండి కోతకూలి వరకు రైతు ఖర్చుపెడుతూనే ఉంటాడు. మిరపకాయ కళ్ళంలో ఎండి బస్తాకు ఎక్కేవరకు చేతికి పైసా రాదు. ఆ మధ్యకాలాన్ని దాటించేది అప్పు. అప్పు ఇచ్చిన వ్యాపారికే పంట తోలవలెను, ఆయన కట్టిన ధరకే ఇవ్వవలెను, వడ్డీ మినహాయించుకొని మిగిలినది తెచ్చుకోవలెను. పంట పోయిన ఏడు అప్పు భూమి మీదికి వస్తుంది. ఇది ఏ ఒక్క వ్యాపారి దుర్మార్గమో కాదు. వేరొక ద్వారం లేకపోవడమే దోషం.

పట్టాభిగారు ఆ ద్వారాలను ఒక్కొక్కటిగా తెరిచినారు. వారు నెలకొల్పిన సంస్థల వరుసను గమనిస్తే, వైద్యుడు రోగికి తగిన మందు ఇచ్చినట్లు, ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క సంస్థను ఏర్పాటు చేసినట్లు కనిపిస్తుంది. ఏటి పెట్టుబడికి తక్కువ వడ్డీ అప్పు కావలెను. దానికి 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు. ఊరిలో మిగిలిన ధనం భద్రంగా ఒకచోట చేరి, వర్తకానికి, పరిశ్రమకు ఉపయోగపడవలెను. దానికి 1923లో ఆంధ్రా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. భూమి మీద పేరుకొన్న పాత ఋణాన్ని దీర్ఘకాలిక వాయిదాలతో తీర్చుకోవలెను. దానికి 1927లో వడ్లమన్నాడు భూమి తనఖా బ్యాంకు. సంపాదించే మనిషి పోతే ఇల్లు వీధిన పడరాదు. అటువంటి ఆపదల కోసం 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీ, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్స్యూరెన్సు కంపెనీ.

వీటిలో ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరు అయి, నవంబరు 28న బందరులో వ్యాపారం ప్రారంభించినది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం ఒక లక్ష. సరిగ్గా ఒక నెలకు కాకినాడలో మౌలానా మహమ్మదాలీగారి అధ్యక్షతన అఖిలభారత కాంగ్రెసు మహాసభ జరిగినది. ఒక చేతితో ఉద్యమం, ఒక చేతితో బ్యాంకు. అందులోను తమ సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో జరగవలెనని ఆయన పట్టుబట్టినారు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని తన సొమ్ము ఎంత ఉన్నదో, తాను ఏమి వ్రాసి ఇస్తున్నాడో రైతుకు తన భాషలో తెలిసినప్పుడే అది నిజమైన నిక్షేపం అవుతుంది. తెలియని కాగితం మీద వేలిముద్ర వేయడం దానం కాదు, ఋణమూ కాదు, అది మోసపోవడానికి మొదటి మెట్టు.

ఇక్కడ ఒక్క విషయం ప్రత్యేకంగా గమనించవలెను. 1930, 1932, 1933, మరల 1942 నుండి 1945 వరకు స్థాపకుడు జైలులో ఉన్నారు. బ్యాంకు తలుపు మాత్రం మూతపడలేదు. తాను లేకపోయినా నడిచే విధంగా కట్టినవాడే నిజమైన స్థాపకుడు. ఆలయమైనా అంతే. అర్చకులు వస్తారు, పోతారు. ధర్మకర్తలు మారుతారు. వేళకు దీపం వెలగడమే ప్రతిష్ఠకు ప్రమాణం.

జయాపజయాలు

వారి జీవితంలో పరాజయాలు లేకపోలేదు. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాష్ చంద్ర బోసుగారి మీద పోటీచేసి ఓడిపోయినారు. ఆ ఓటమి పట్టాభిది కాదు, తనదేనని గాంధీమహాత్ముడు ప్రకటించినారు. 1948లో జయపుర కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. ఆ సమయంలోనే నెహ్రూ, పటేల్ గార్లతో కలిసి భాషారాష్ట్రాల పరిశీలన సంఘంలో సభ్యులుగా ఉన్నారు. చెన్నపట్టణం మీద హక్కు వదులుకొంటేనే ఆంధ్రరాష్ట్రం సాధ్యమన్న ఆ సంఘపు నివేదిక తెలుగువారిలో అనేకులకు రుచించలేదు. ఆంధ్రోద్యమంలో తల పండినవారే దానిపై సంతకం చేసినారని నిందించినవారు కలరు. ఆంధ్ర కాంగ్రెసులో ప్రకాశం పంతులుగారికీ, వారికీ మధ్య వర్గభేదం ఉండేదన్నదీ జగద్విదితమే. మహనీయుల గుణాలను స్మరించేటప్పుడు ఇటువంటివి దాచిపెట్టడం స్మరణకు లోటే గాని శోభ కాదు.

1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవవేళ ఆ సంస్థ చరిత్రను వ్రాసి ఇచ్చినవారు కూడా వీరే. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉండి, 1959 డిసెంబరు 17న పరమపదించినారు.

పేరు మారినది, పని మిగిలినది

వారి అనంతరం 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసినది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైనది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. ఆ దినాలలో మన ఆలయ పాస్‌పుస్తకం మారి, క్రొత్త పేరుతో వచ్చినప్పుడు నాకు మనస్సు కలుక్కుమన్నది. తొంభైయారు సంవత్సరాలు నిలిచిన పేరు. అయితే ఆ రాత్రి నందాదీపంలో నూనె పోస్తుండగా ఒక విషయం తోచినది. ప్రమిద మారుతుంది, వత్తి మారుతుంది, నూనె దినదినం క్రొత్తదే. మారనిది వెలుగు. దేవుని సొమ్ము పైసా తగ్గకుండా క్రొత్త పుస్తకంలోనికి వచ్చినది. కళాకర్షణంలో జరిగేది కూడా ఇదే కదా.

కాని పట్టాభిగారు ఆరంభించిన పని పూర్తి అయినదని చెప్పుకొనే అర్హత మనకు లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ విరుచుకుపడినది. ఎన్ని మందులు కొట్టినా పైరు దక్కలేదు, మందుల అప్పు మాత్రం మిగిలినది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. అటువంటి ఇంటినుండి వచ్చిన ఒక తల్లి ఈ ఆలయ ముఖమండపంలో నిలబడి, అర్చన ఎవరి పేరున చేయించవలెనో చెప్పలేక మౌనంగా ఉండిపోయిన దృశ్యం నేను మరువలేను. నేను స్వామివారి పేరునే అర్చన చేసి తీర్థం ఇచ్చినాను. మంత్రాలు చదివిన నోటికి ఆనాడు వేరే మాట రాలేదు.

ఆ కాలంలోను, ఈ కాలంలోను బ్యాంకు గడప ఎక్కలేని రైతు ఉన్నాడు. ముఖ్యంగా కౌలురైతు. సేద్యం అతనిది, పట్టా వేరొకరిది. కాగితం లేనివానికి అప్పు పుట్టదు, పుట్టినా అధిక వడ్డీకి బయటనే పుడుతుంది. పట్టాభిగారు 1915లో ఏ రైతు కోసం మొదటి ద్వారం తెరిచినారో, ఆ రైతే నేటికీ కొన్ని ఊళ్ళలో బయట నిలబడి ఉన్నాడు. ఈ ఊరిలో పొలం కౌలుకు ఇచ్చిన ఆసాములు, ఆలయానికి లక్షలు సమర్పించిన దాతలు ఈ సంచిక చదువుతారు. కౌలు ఒప్పందాన్ని కాగితం మీద వ్రాసి ఇవ్వండి. అది కూడా స్వామికి చేసిన కైంకర్యమేనని ఈ అర్చకుడు వినయపూర్వకంగా మనవి చేస్తున్నాడు.

దాతలకు నివేదన

మానవుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో జన్మిస్తాడని వేదం చెప్పినది. యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో అవి తీరుతాయి. మనలను నమ్మినవారి ఋణం మాత్రం నమ్మకాన్ని నిలబెట్టడంతోనే తీరుతుంది.

ఈ జీర్ణోద్ధరణకు మీరు ఇచ్చినది అటువంటి నిక్షేపమే. పొరుగుదేశంలో ఉద్యోగం చేసే బిడ్డ పంపిన డాలర్లూ ఉన్నవి, మిరపకాయలు కోసి తెచ్చిన కూలిలోనుండి ఒక అవ్వ నా చేతిలో పెట్టిన పది రూపాయల నోట్లూ ఉన్నవి. రెండూ ఒకే ఖాతాలో పడినవి, రెండింటికీ రసీదు వ్రాసినాము. జమాఖర్చుల పుస్తకం ఆలయ కార్యాలయంలో ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి. లెక్క అడగడం అవమానమని తలచినందువల్లనే ఒకనాడు ఇక్కడ దీపం ఆరినది.

కుంభాభిషేకం నాడు కలశంలోని కళను మూలమూర్తికి అప్పగించే క్షణాన నేను మనస్సులో సంకల్పించుకొనే పేర్లలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు కూడా ఉంటుంది. ఆయన మన ఊరికి వచ్చినవారు కారు, మన ఆలయాన్ని చూచినవారు కారు. అయినా ఈ గర్భాలయంలో ఏభై ఏళ్ళుగా ఆరకుండా వెలుగుతున్న దీపంలో ఆయన పోసిన నూనె చుక్క ఒకటి ఉన్నది.

దాతలందరికీ, వారి కుటుంబాలకూ, ఈ నల్లరేగడిని నమ్ముకొన్న రైతుకూ, కౌలుదారుకూ, కూలికీ పార్వతీపరమేశ్వరుల కటాక్షం కలుగుగాక. ఇచ్చినవారి చేతికి లోటు రాకుండుగాక. దాచినవారి చేతికి మచ్చ రాకుండుగాక.

స్వస్తి.